పదును వాన కురిసినందుకు

పరంజ్యోతి అయ్యగారికి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు. పని చెప్పే అలవాటు ఉంది. ఓర్పు అంటే ఏమిటని అడిగిన ఒకాయనకు బుట్టెడు చింతపండు ఇచ్చి గింజలు తీయమన్నారట. పాపక్షమాపణ గురించి అడిగిన ఇంకొకాయన చర్చి వెనక ముళ్ళకంప కొట్టి, సాయంత్రం చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ, అంతా అర్థమైంది అయ్యగారూ అన్నాడు. కాలేదంటే ఇంకో కంపచెట్టు చూపిస్తారని భయం. అందువల్ల గవ్వలకుంట సంఘంలో తెలిసినవాళ్ళెవరూ మధ్యాహ్నం భోజనాలు కాకముందు ఆయన్ను పెద్ద పెద్ద ప్రశ్నలు అడగరు.

తీతుకు ఈ సంగతి తెలియదు. వేదపాఠశాలలో అందరికంటే ఎక్కువ మార్కులతో పాసై, ఉపదేశి పని నేర్చుకోవడానికి అయ్యగారి దగ్గరికి వచ్చి అప్పటికి మూడు నెలలే. మంచివాడు. ఒకటే జబ్బు, తప్పు అక్షరం కనబడితే అన్నం సయించదు. కోత పండుగకు చర్చి ముందు కట్టిన బట్ట మీద పెయింటరు 'క్రుతజ్ఞత' అని రాశాడని, పండుగ ఇంకా మూడు రోజులుందనగా దాన్ని దింపించి, వట్రుసుడి పెట్టించి, మళ్ళీ కట్టించాడు. ముందు దానికీ వెనక దానికీ తేడా ఏమిటో కనిపెట్టాలని ఊరివాళ్ళు కాసేపు తలలెత్తి చూసి, మెడలు నొప్పి పుట్టి ఇళ్ళకు పోయారు.

పండుగ ముందురోజు శనివారం పొద్దున ఈ తీతు అయ్యగారి ముందు కూర్చుని తన సందేహం విప్పాడు. అందుకున్నాక చెప్పేది కృతజ్ఞత. అందకముందు పట్టుకుని ఉండేది విశ్వాసం. ఒకటి వెనక్కి చూస్తుంది, ఇంకొకటి ముందుకు చూస్తుంది. ఈ ఏడు వానలు సరిగా లేవు. సగం మంది పంట ఇంకా చేన్లోనే ఉంది, ఇంటికి వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. అయినా క్యాలెండర్లో ఉంది కాబట్టి పండుగ చేస్తున్నాం. మనం చేసేది కృతజ్ఞతా, విశ్వాసమా? అసలు ఈ రెండింటి మధ్య దూరం ఎంత అయ్యగారూ, అని ముగించాడు. ఈ ఆఖరి మాట చాలా బాగా వచ్చిందని అతనికే అనిపించి, కొంచెం నిటారుగా కూర్చున్నాడు కూడా.

అయ్యగారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. అది మంచి సూచన కాదు.

"వరండాలో బల్ల వేసి ఉంది. చీటీలు రాయి," అన్నారు.

చీటీల సంగతి కొంత చెప్పాలి. గవ్వలకుంటలో కోత పండుగకు గుమ్మడికాయ తెచ్చినా, కోడిపుంజు తెచ్చినా, సేరు కొర్రలు తెచ్చినా, దానితోపాటు ఒక చీటీ ఉండాలి. దేవుడు ఆ ఏడు తమకు చేసిన మేలు ఏదో ఒక్క ముక్కలో అందులో రాయిస్తారు. ఆదివారం అయ్యగారు వాటిని ఒక్కొక్కటే పైకి చదువుతారు. చదివిన ప్రతి చీటీకీ సంఘపెద్ద గమలీయేలు లేచి 'స్తోత్రం' అని ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. ఆయన గొంతు చర్చి గంటకంటే పెద్దది, గంట తాడు తెగిన ఏడు ఆయనతోనే సరిపెట్టారు. పద్దెనిమిదేళ్ళలో ఒక్క చీటీకైనా ఆయన స్తోత్రం తప్పలేదు. ఇక మేలు ఇంకా జరగనివాళ్ళు రాయించేవి ప్రార్థన చీటీలు. వాటిని పైకి చదవరు, స్తోత్రం ఉండదు. చివర్లో కట్టగట్టి పీఠం ముందు పెడతారు.

తీతు కూర్చున్నాడు. రాయడం రానివాళ్ళు, వచ్చినా చేతులు ఖాళీ లేనివాళ్ళు వరసలో వచ్చారు. మనవడు పుట్టినందుకు. మోకాలి నొప్పి తగ్గినందుకు. బర్రె ఈనినందుకు. కొడుకు మూడోసారికైనా పదో తరగతి పాసైనందుకు. అల్లుడు తాగుడు మానినందుకు. ఆ అల్లుడి అత్తగారు కాస్త ఆలోచించి, 'ప్రస్తుతానికి' అని కూడా చేర్చమంది. తీతు కలం 'నందుకు, నందుకు' అని మిషనులా కుట్టుకుంటూ పోయింది.

ముప్పై చీటీలు దాటాక దీవెనమ్మ వచ్చింది, చంకలో ఒక సొరకాయతో. నలభై దాటిన మనిషి, భర్త పోయి నాలుగేళ్ళు. ఊరి పడమర రెండెకరాల వేరుశనగ చేను, అదే ఏడాది తిండి, అదే మళ్ళీ ఏడాదికి విత్తనం. కాయ బాగా పట్టింది. చిక్కల్లా నేలతో వచ్చింది. వేరుశనగ పువ్వు పైన పూసినా కాయ మట్టిలో ఉంటుంది కదా. చెట్టు పెరికే నాటికి నేల మెత్తగా ఉండాలి. ఆ కాస్త తడినే పదును అంటారు. పదును లేని నేలలో చెట్టును పెరికితే ఆకు చేతికొస్తుంది, కాయ తెగి లోపలే ఉండిపోతుంది. శుక్రవారం దీవెనమ్మ ఒక చెట్టు పెరికి చూసుకుంది. పాతిక కాయలుండాల్సిన చెట్టుకు నాలుగు వచ్చాయి. పోనీ ఇంకో పదిరోజులు ఆగుదామా అంటే, ముదిరిన కాయకు లోపలే మొలకొస్తుంది.

ఆమె తన చీటీ మాట చెప్పింది. "మా చేన్లో పదును వాన కురిసేదానికని రాయి నాయనా."

ఆ మాటను పుస్తకాల భాషలోకి మార్చి 'పదును వాన కురిసేందుకు' అని రాయాలి. తీతు మనసు అదే అనుకుంది. ముప్పై 'నందుకు'లు రాసిన చెయ్యి మాత్రం మనసు మాట వినలేదు. ఏత్వం ఉండాల్సినచోట గుడి వచ్చింది, దాని పక్కన ఒక 'న' వచ్చి కూర్చుంది. 'పదును వాన కురిసినందుకు దేవునికి వందనాలు — దీవెనమ్మ' అని తయారైంది. 'వందనాలు' కూడా చెయ్యి తన సొంత పూచీ మీదే చేర్చింది. తర్వాత సాయంత్రం తీతు చీటీలు వేరు చేస్తూ, 'నందుకు' ఉన్నవన్నీ స్తోత్రాల కట్టలో పెట్టాడు, ఇది కూడా. చర్చి ముందు కట్టిన బట్ట మీద వట్రుసుడి సరిగ్గా ఉందో లేదో ఇంకోసారి చూసి, హాయిగా భోంచేశాడు.

ఆదివారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. చర్చి నిండింది. అయ్యగారు చీటీలు చదువుతున్నారు, గమలీయేలు స్తోత్రం ఎత్తుకుంటున్నాడు, పుంజులు కూడా అప్పుడప్పుడు తమ వంతు అందుకుంటున్నాయి. అంతా సవ్యంగా సాగుతుండగా అయ్యగారు అదే గొంతుతో చదివారు, "పదును వాన కురిసినందుకు దేవునికి వందనాలు. దీవెనమ్మ."

ఎవరూ కదల్లేదు. రెండు నెలలుగా ఆ ఊళ్ళో చినుకు పడలేదు. కిటికీ దగ్గరివాళ్ళు, ఎందుకైనా మంచిదని, బయటికి తొంగి చూశారు. ముందుగా ఆడవాళ్ళ వైపునుంచి ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో నవ్వు చాప కింద నీళ్ళలా చర్చి అంతా పాకింది. అందరికంటే పెద్దగా నవ్వింది గమలీయేలు. ఆయన చేను దీవెనమ్మ చేనికి ఆనుకునే ఉంది, మధ్య ఒకటే గట్టు. గట్టుకు ఇవతల వాన కురిస్తే అవతల ఆయనకు తెలియకుండా ఉంటుందా.

తీతు మొహం మాత్రం పాలిపోయింది. అది తన అక్షరం. లేచి నిలబడి, అయ్యగారూ అది, అని మొదలుపెట్టాడు. అయ్యగారు చెయ్యి కొంచెం పైకెత్తి కూర్చోమన్నారు. ఈలోగా దీవెనమ్మ లేచింది.

కొంగు సర్దుకుని, ఎవరి వైపూ చూడకుండా ఆమె చెప్పింది. "నేను కురవాలనే చెప్పినా అయ్యగారూ. కురిసిందని రాసుండాది. నాకు చదువు రాదు. రెండింట్లో ఏది సరైందో చదువుకున్నోళ్ళకే తెలియాల. కానీ చదివింది దేవుని ముందర. వందనాలు చెప్పి మళ్ళీ వెనక్కి తీసుకునేది మా ఇంటా వంటా లేదు. అట్లనే ఉండనీండి."

కూర్చుంది. నవ్వు ఆగింది. అయ్యగారు చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, అదే వాక్యాన్ని ఇంకోసారి, మొదటిసారికంటే నిదానంగా చదివారు. చదివి, గమలీయేలు వైపు చూస్తూ ఆగారు.

పాపం గమలీయేలు. ఆ ఆగడం ఎంతసేపో కొలిచినవాళ్ళు లేరు, కానీ ఒక పుంజు రెండుసార్లు కూసింది. అనకపోతే పద్దెనిమిదేళ్ళ వరస తెగుతుంది. అంటే, లేని వానకు దేవుని ముందు సాక్ష్యం చెప్పినట్టవుతుంది. చివరికి అలవాటే గెలిచింది. 'స్తోత్రం' అన్నాడు. ఆ గొంతు అంత చిన్నదిగా ఉండగలదని ఊరికి ఆరోజే తెలిసింది. మిగతావాళ్ళు అందుకున్నారు.

ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే గడప దగ్గర ఆయన దీవెనమ్మను పట్టుకున్నాడు. ఆమె భర్తకు ఆయన పెదనాన్న కొడుకు, వరసకు బావ.

"మరదలా, నీ చేన్లో కురిసిన వాన మా గట్టు దాటి ఒక్క చుక్క గూడా రాలేదే."

"స్తోత్రం అన్నది నువ్వే గదా బావా," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ. "నీకు తెలీకుండా అంటావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు ఈ మాటను జాగ్రత్తగా మూటగట్టుకుని ఊళ్ళోకి తీసుకుపోయారు.

ఆ మధ్యాహ్నం తీతు ఆమె ఇంటికి పోయి, తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. చీటీ కూడా వెంట తీసుకుపోయాడు. తప్పు అక్షరం ఏదో చూపించమంది ఆమె. అతను వేలు పెట్టి చూపించాడు. ఆమె చీటీని వెలుగులోకి తిప్పుకుని, తల వంచి చాలాసేపు చూసింది. "ఇంత చిన్నదా," అంది. "దీనికేనా అంత మొగం పెట్టుకున్యావు." అతనికి మజ్జిగ ఇచ్చింది. ఇస్తున్నప్పుడు చూశాడు, ఆమె అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. పొద్దున చర్చికి రాకముందే చేనికి పోయి, చేతిపార లాంటి తొలికతో తవ్వి ఎన్ని చెట్లు తీయగలదో చూసుకుందట. నాలుగు సాళ్ళు కాకముందే చేతులు చాలన్నాయి. రెండెకరాలు అట్లా తవ్వాలంటే క్రిస్మసు దాటిపోతుంది. అయినా శుక్రవారం పెరకడానికి రమ్మని పదిమంది ఆడవాళ్ళకు చెప్పేసిందట. పదును ఎక్కడిదని వాళ్ళడిగితే, వందనాలు చెప్పేసినాం గదా, ఇంక చేనుకు పోకుంటే ఎట్లా అని అడిగిందట. 

సోమవారం గమలీయేలుకు మంచి రోజు కాదు. టీ కొట్టు దగ్గర ఒకాయన బెంచి మీద కండువాతో తుడిచి, కూర్చో అన్నా, తడిగా ఉండాది అన్నాడు. దర్జీ తన దుకాణంలోంచే కేకేసి, గొడుగు తెచ్చుకోలేదా అని అడిగాడు. పాలకేంద్రం దగ్గర ఎవరో మరీ వినయంగా, మా చేన్లో కూడా ఒక స్తోత్రం వేసి పో పెద్దాయనా అన్నారు. మామూలుగా అయితే ఒకటికి రెండు ఇచ్చే మనిషి ఏమీ అనకుండా ఇంటికి పోయి, మధ్యాహ్నం దాటాక నేరుగా అయ్యగారి వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. లోపలి గదిలో తీతు ఉన్నాడు. విననట్టు ఉండడం అతనికి ఇంకా చేతకాదు, కాబట్టి ఈ సంభాషణ మనదాకా వచ్చింది.

గమలీయేలు ఆ స్తోత్రం కొట్టేయమన్నాడు. అయ్యగారు తానేమీ రాసుకోలేదన్నారు. ఎక్కడ రాసివుందో అక్కడికే పోయి అడుగు, కొట్టేస్తారేమో అన్నారు.  తర్వాత గమలీయేలు, అడగని సంగతి ఒకటి తానే ఎత్తాడు. ఆయనకు బోరుబావి ఉంది, చిమ్మే పైపులు, స్ప్రింక్లర్లు ఉన్నాయి. రెండేళ్ళ కిందట ఇదే రోజుల్లో దీవెనమ్మ వచ్చి రెండు తడుల నీళ్ళు అడిగింది. ఆయన కాదనలేదు. చూద్దాంలే అన్నాడు. ఆ చూడటం ఆమె చేను ఎండిపోయిందాకా సాగింది. ఈ ఏడు ఆమె ఆయన్ను అడగలేదు.

"నన్నడగకుండా నేరుగా ఆయన్నే అడిగింది," అన్నాడు గమలీయేలు పైకి చూపిస్తూ. ఫిర్యాదు చేస్తున్నాడో, ఒప్పుకుంటున్నాడో ఆయన గొంతును బట్టి చెప్పడం కష్టం. బోరు కూడా అంతంతమాత్రంగా పోస్తోందనీ, తన మిరపకే చాలడం లేదనీ చేర్చాడు. అయ్యగారు అవునన్నారు. చాలడం లేదన్నది నిజమేనని ఆయనకూ తెలుసు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. గమలీయేలు ఇంకేదైనా అంటారేమోనని కాసేపు ఎదురుచూసి, అననందుకు ఆయన మీద కోపం తెచ్చుకుని లేచిపోయాడు.

మంగళవారం తెల్లారగానే అయ్యగారు తీతును లేపి, గమలీయేలు చేనికి పొమ్మన్నారు. ఎందుకని అడగబోయి తీతు ఆగాడు. మూడు నెలల్లో ఆమాత్రం నేర్చుకున్నాడు.

వెళ్ళేసరికి గమలీయేలు మిరప చేన్లో పైపులు విప్పుతున్నాడు. ఒక్కో పైపు ఇరవై అడుగులు, లోపల నిలిచిన నీళ్ళతో మంచి బరువు. ఒక కొన ఆయన పట్టుకున్నాడు, ఇంకో కొన తీతు భుజానికెత్తుకున్నాడు. గట్టు దాటి, దీవెనమ్మ చేన్లోకి. ఆమె అప్పటికే ఒక మూల తొలికతో తవ్వుతోంది. వీళ్ళను చూసి నడుం నిలబెట్టింది కానీ దగ్గరికి రాలేదు, పిలవలేదు. చివరి పైపు బిగించి, ఎనిమిదింటికి త్రీ ఫేజు కరెంటు రాగానే గమలీయేలు మోటారు వేశాడు. పైపులు దగ్గినట్టు గురగురమన్నాయి. ఒక్కొక్క గొట్టం నెత్తిన నీళ్ళు లేచి, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. రెండు నెలల ఎండకు పగిలిన నేల మొదట ఆ నీళ్ళను నమ్మనట్టే పైన దొర్లించింది. ఆ తర్వాత తాగింది. మట్టి వాసన లేచింది.

గమలీయేలు గట్టు మీద నిలబడి, మిరప చేను వైపు తిరిగి, ఈ వైపు మనిషికి వినబడేట్టు చెప్పాడు. "ఇది నీకోసం కాదు. నా స్తోత్రం అబద్ధం కాగూడదని."

దీవెనమ్మ నీళ్ళ కింద తడుస్తూ నిలబడింది. కొంగు తలమీదికి లాక్కుని, ఆ చాటున ఒకసారి మొహం తుడుచుకుంది. అది నీళ్ళకే అనుకుందాం. "నీ స్తోత్రమే గదా బావా," అంది. "బాగా తడుపుకో."

ఆరోజూ మర్నాడూ, కరెంటు ఉన్నంతసేపూ, పైపుల వరస మార్చుకుంటూ రెండెకరాలూ తడిపారు. ఆ రెండు రోజులూ గమలీయేలు మిరపకు తడి లేదు. మిరప ఆకులు మధ్యాహ్నానికి వడలిపోయి వేలాడుతుంటే ఆయన వాటి వైపు చూడకుండా తిరిగాడు. మంగళవారం సాయంత్రం తీతు భుజం పట్టుకుని ఇంటికొస్తే, అయ్యగారు వేడినీళ్ళు పెట్టి ఉంచారు.

"ఎంత దూరం ఉందిరా?" అని అడిగారు, చేని సంగతే అన్నట్టు.

"ఇరవై ఆరు పైపులు అయ్యగారూ," అన్నాడు తీతు. అన్నాక, శనివారం పొద్దున తాను అడిగిన దూరం గుర్తొచ్చి, చెంబు కింద పెట్టి తల తిప్పి చూశాడు. అయ్యగారు అప్పటికే లోపలికి పోయారు.

శుక్రవారం పదిమంది అనుకున్న చోటికి పద్దెనిమిది మంది వచ్చారు. వాన కురిసిన చేను ఎట్లుంటుందో చూద్దామని వచ్చామన్నారు. కుదురు పట్టి లాగితే చెట్టు అడ్డు చెప్పకుండా వచ్చింది, వేళ్ళనిండా కాయలతో, మట్టి రాలుతూ. ఒక ముసలామె మొదటి చెట్టు పైకెత్తి కాయలు లెక్కపెట్టబోయి, ఇరవై దాటాక ఆ పనెందుకని వదిలేసింది. గమలీయేలు గట్టు మీదికి వచ్చి, ఊరికే అటు పోతున్నట్టు నడిచాడు. ఎవరో ఆడవాళ్ళలోంచి 'స్తోత్రం' అన్నారు, అచ్చం ఆయన గొంతుతో. ఆయన కూడా నవ్వాడు. ఈసారి కొంచెం ఆలస్యంగా. సాయంత్రానికి చేనంతా పెరికి, కాయలు పైకి వచ్చేట్టు చెట్లను తిరగేసి వరసలుగా పరిచారు. నాలుగు రోజులు బాగా ఎండితే కాయ కోయవచ్చు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ మబ్బులకు కథ ఎక్కడ ఆపాలో తెలియదు కదా.

మర్నాడు, శనివారం. మధ్యాహ్నం దాటాక తూర్పున నల్లగా లేచింది. సముద్రంలో ఎక్కడో వాయుగుండం పట్టిందని, రేపో ఎల్లుండో వానలని ఊరంతా ఫోన్లలో చూసి చెప్పుకుంటున్నారు. రెండు నెలలు కనబడని వాన, పెరికిన చెట్లు పరిచాక బయల్దేరింది. పరిచిన కాయ మీద వాన పడితే నల్లబడుతుంది, బూజు పడుతుంది, విత్తనానికి పనికిరాదు. ఆ వారమంతా పడిన శ్రమ ఒక్క జల్లుకు సరి.

పండుగ అయిపోయినా, దీవెనమ్మ చీటీ పని చేయడం చూసిన ఊరివాళ్ళు ఈ ఆదివారానికీ చీటీలు రాయించుకుంటామని రావడంతో, వరండాలో తీతు మళ్ళీ చీటీల బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ప్రతి చీటీనీ రాసి, మళ్ళీ చదివి, అక్షరం అక్షరం వేలుపెట్టి చూసుకుని గానీ కట్టలో పెట్టడం లేదు. వరస వీధిదాకా పెరిగింది. అంతలో దీవెనమ్మ ఆదరాబాదరాగా వచ్చింది. చేతిలో ఒక కొత్త సొరకాయ, వెనక ఆకాశంలో మబ్బు.

"నాయనా, ఇంకొక చీటీ రాయల్ల," అంది. "మా చేన్లో కాయ ఆరిందాకా వాన రాకుండా. ముందు మాదిరే బాగా రాయి."

తీతు కలం ఎత్తాడు. ఎత్తినవాడు అట్లాగే ఆగాడు. 'వాన రానందుకు' అని రాయాలా, 'వాన రాకుండా ఉండేందుకు' అని రాయాలా? మొన్నటిదాకా ఇది వ్యాకరణం. ఇప్పుడు దీని వెనక ఒక మనిషి ఏడాది తిండి ఉంది. సరైన అక్షరం ఏదో అతనికి బాగా తెలుసు. అది రాయడానికే చెయ్యి రాలేదు. ఆమె అతని మొహంలోకి చూస్తోంది. వరసలో వెనకవాళ్ళు, తొందరగా కానీ నాయనా, మబ్బు ఆగేట్టు లేదు అంటున్నారు.

అతను తల తిప్పి, వరండా చివర మంచం మీద కూర్చుని ఆదివారానికి చీటీలు సర్దుకుంటున్న అయ్యగారి వైపు చూశాడు. "అయ్యగారూ, రానందుకు అని రాయాలా, రాకుండేందుకు అని రాయాలా?"

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తూర్పు వైపు మబ్బును ఒకసారి చూశారు.

"నీకు ఏది తోస్తే అది రాయి," అన్నారు. "రాసి, ముందుగా పోయి గమలీయేలుకు చదివి వినిపించు. టార్పాలిన్ పట్టలన్నీ ఆయనింట్లోనే ఉన్నాయి."